ఊఁ అనకూడని మంచం

జెస్సీ అంటే నాకు కుళ్లు. ఈ మాట ఇంతవరకూ పైకి అనలేదు.

ఇద్దరం ఒకే కల్లంలో మిరపకాయలకు తొడిమలు తీసినవాళ్లమే. అది నర్సయింది. నేను పాత పుస్తకాలు తిరగేసుకుంటూ ఇంకా తొడిమల దగ్గరే ఉన్నాను. పైగా మా నాయనమ్మను వాంతులతో చేర్చింది అది పనిచేసే ఆస్పత్రిలోనే, నల్లపాడు దారిలో. అందులోనూ మూలమంచం.

ఆ మంచానికి చెడ్డపేరు. ఆయా వీరమ్మ నా చెవిలో ఊదింది — "రాత్రిళ్లు తెల్లగా ఏదో వచ్చిద్దమ్మా... పేరు పెట్టి పిలిచిద్ది. ఊఁ అన్నామా... తెల్లారి లేవం."

పగలు జెస్సీ మందుబిళ్ల పట్టుకొచ్చి నాయనమ్మను అడిగింది. "మీ పేరేంటండి? మీ ఆయన పేరు?"

"రోజూ చూసే ముసలమ్మ పేరు తెలీదటే? పెళ్లిచూపులకొచ్చావా?" అన్నాను. వార్డంతా నవ్వింది. నాకు హాయిగా ఉంది.

"తెలిసినా అడగాలే షిరీన్. పేరు మనం అనకూడదు, వాళ్లతోనే అనిపించాలి. మగతలో ఎవరి పేరు పిలిచినా ఊఁ అంటారు."

నాయనమ్మ మురిసిపోయి దాని బుగ్గ నిమిరింది. నా బుగ్గ నిమిరి ఎన్నాళ్లయిందో!

జెస్సీ డ్యూటీ దిగి వెళ్లిపోయింది. ఆ రాత్రి కరెంటు పోయింది. కిటికీలోంచి మిరప ఘాటు... తలుపు దగ్గర — తెల్లగా ఏదో కదిలింది.

"మస్తాన్‌బీ..."

నాయనమ్మ పేరే! గబుక్కున ఆమె నోరు మూశాను.

"మస్తాన్‌బీ..." ఇంకా దగ్గరగా. చేతిలో ఏదో సన్నగా మెరిసింది.

"ఊఁ..." — నా వేళ్ల సందుల్లోంచి నాయనమ్మ పలికేసింది.

తెల్లటి ఆకారం ఆమె జబ్బ పట్టుకుంది. నాకు దువా ఒక్కటీ గుర్తురాలేదు... జెస్సీ మాటే వచ్చింది.

"ఏ... ఏ మస్తాన్‌బీ? వాళ్లాయన పేరేంటి?"

చెయ్యి ఆగింది. "...ఖాదర్ వలి."

మా తాత హుస్సేన్ సాహెబ్.

కరెంటొచ్చింది. కొత్తగా చేరిన నైట్ నర్సు — చేతిలో సూది. మా వైపు మస్తాన్‌బీ అని కేకేస్తే సగం వీధి పలుకుతుంది. ఎదురు మంచంలో ఇంకో మస్తాన్‌బీ ఉంది, షుగరు మనిషి. ఆ షుగరు తగ్గించే ఇంజెక్షన్, నిన్నట్నుంచి మెతుకు ముట్టని మా నాయనమ్మకి పడుంటే —

"ఎవరికీ చెప్పకక్కా..." నర్సు సూది వెనక్కి దాచుకుంది.

నాయనమ్మ నా బుగ్గ నిమిరింది. "ఎంత తెలివే నీకు!"

ఆ ప్రశ్న నాది కాదని అనలేదు. ఆ చెయ్యి అలాగే ఉండాలనిపించింది.

రాత్రివాళ్లు కూడా పేరు అడిగేట్టు డాక్టరుగారితో పోట్లాడగలిగేది జెస్సీ ఒక్కతే. దానికి చెప్తే మెప్పంతా మళ్లీ దానికే. చెప్పకపోతే... రేపు ఈ మంచంలో ఎవరో!

నాయనమ్మ కళ్లు మూతపడ్డాయి. నర్సు ఎప్పుడో బయటికెళ్లిపోయింది. వార్డులో చప్పుడు లేదు.

"ఊఁ..." అంది నాయనమ్మ, నిద్రలో.

ఎవరూ పిలవలేదు.

తలగడ కింద ఫోన్ తడుముకున్నాను. జెస్సీ నిద్రపోతుంటే లేపుతాను. ఇప్పుడే.