వెనక ఎడమ టైరు

కంటి ఆసుపత్రి మెట్లు దిగుతూ అత్తగారు కోడలి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పొద్దున్నే ఆవిడ కుడికంటికి శుక్లం తీశారు. కంటిమీద చిల్లుల ప్లాస్టిక్ మూత, దానిమీద పట్టీ. రెండో కన్ను ఎప్పట్నుంచో అంతంతమాత్రం. ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది గానీ ఎవరో తెలియదు. వంగకూడదు, బరువులెత్తకూడదు, గట్టిగా దగ్గకూడదు అని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఊపిరి పీల్చుకోవచ్చేమో కూడా కనుక్కోమని అత్తగారు కోడలి చెవిలో గొణిగింది.

కోడలు రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఆ రోజుకి సెలవు పెట్టింది. కారు నడపడం ఆమెకి వచ్చిన పనే గానీ నచ్చిన పని కాదు. సెల్లార్‌లో ఉన్న కారు దగ్గరికి అత్తగారిని నడిపించుకెళ్ళి, తన సీటుకి సరిగ్గా వెనకాల కూర్చోబెట్టింది. చలిగాలి తగలకుండా శాలువాని మెడచుట్టూ తిప్పి పిన్ను పెట్టింది. మిగిలిన కొస పక్క సీటు మీద పరుచుకుంది.

కారు సెల్లార్‌లోంచి పైకి వచ్చేసరికి స్టీరింగ్ వెనక పసుపు దీపం వెలిగింది. గుర్రపు నాడా లాంటి బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. టైర్లో గాలి తగ్గిందన్నమాట. భర్తకి ఫోన్ చేస్తే, మొన్ననేగా కొత్త టైర్లు వేయించాను, దారిలో ఎక్కడైనా గాలి కొట్టించు అని తేల్చేశాడు.

టైర్ల షాపాయన నాలుగింటికీ గాలి చూశాడు. అన్నీ సమానంగానే ఉన్నాయి. సబ్బునీళ్ళు పోసి చూశాడు. ఒక్క బుడగ రాలేదు. బటన్ నొక్కి దీపం ఆర్పేశాడు. కారు షాపు దాటీ దాటకముందే మళ్ళీ వెలిగింది. ఆమె వెనక్కి తెచ్చి ఆపింది. ఆయన ఈసారి కారు వెనక్కి వెళ్ళి, నడుం మీద చేతులు వేసుకుని చూశాడు. ఈ రకం కార్లలో గాలి తగ్గితేనే కాదు, ఒక మూల బరువు మరీ ఎక్కువైనా చక్రం తిరిగే తీరు మారి దీపం వెలుగుతుందట.

"బండి వెనక ఎడమవైపుకి ఒరిగిందమ్మా. పెద్దావిడని ఇటు కుడివైపుకి జరగమనండి."

"ఆవిడ కూర్చున్నదే కుడివైపు," అంది కోడలు.

ఆయన ఎడమ అద్దానికి చేతులు అడ్డం పెట్టుకుని లోపలికి చూశాడు. తర్వాత నిదానంగా నిటారుగా నిలబడి, మసిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ఇక తను చెయ్యగలిగిందేమీ లేదని చెప్పి వెళ్ళమన్నాడు. ఆ మాట ఆమె మొహం చూసి మాత్రం అనలేదు.

ఇల్లు చేరాలంటే కొండ కింద సొరంగం రోడ్డు దాటాలి. సగం దూరం వెళ్ళాక ముందున్న వాహనాలు ఆగిపోయాయి. కుడివైపు జానెడు దూరంలో గోడ. ఎడమవైపు ఆనుకున్నట్టుగా పెద్ద లారీ. పైన వరసగా నీరసపు దీపాలు. అద్దాలు మూసే ఉన్నా ఏదో వాసన మొదలైంది. బకెట్లో తడిబట్టలు వేసి రోజుల తరబడి మరిచిపోతే వచ్చే వాసన. ఫోన్‌లో సిగ్నల్ లేదు.

టింగ్... టింగ్... టింగ్...

సీటు బెల్టు హెచ్చరిక. స్టీరింగ్ వెనక చిన్న బొమ్మలో వెనక ఎడమ సీటు ఎర్రగా వెలుగుతోంది.

"పక్కన బ్యాగ్ పెట్టారా అత్తయ్యా?"

"బ్యాగ్ నా ఒళ్ళోనే ఉంది."

టింగ్... టింగ్... 

టక్.

బెల్టు పడిన చప్పుడు. ఎర్రదీపం ఆరిపోయింది.

కాసేపటికి వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది. చాలా మెల్లగా.

"అమ్మాయ్... ఈవిడని ఎక్కడ దింపాలి?"

"ఎవరిని అత్తయ్యా?"

"సెల్లార్ నుంచీ ఉందిగా. మీ ల్యాబ్ మనిషిని ఎక్కించుకున్నావనుకున్నా..."

కోడలు వెనక సీటు కనిపించేలా పైనున్న అద్దం కాస్త తిప్పింది. పట్టీ కట్టిన అత్తగారి మొహం. పక్కన ఎవరూ లేరు. కానీ బెల్టు... దేన్నో చుట్టుకున్నట్టు ముందుకి ఉబ్బి ఉంది. ఉబ్బుతోంది. తగ్గుతోంది. మళ్ళీ ఉబ్బుతోంది. నిదానంగా.

ఆమె తలుపు తోసింది. రెండు వేళ్ళు పట్టేంత తెరుచుకుని గోడకి కొట్టుకుంది. కిటికీ దించి అరిచింది. అన్ని హారన్ల మధ్య ఆ కేక ఆమెకే వినపడలేదు. లారీ డ్రైవరు ఎక్కడో పైన ఉన్నాడు. ముందు కారులో వాళ్ళు వెనక్కి తిరగలేదు.

"అత్తయ్యా, మీ బెల్టు తీసేసి సీట్ల మధ్యనుంచి ముందుకి వచ్చెయ్యండి."

"రాలేనే. నా శాలువా మీద కూర్చుంది."

కోడలు వెనక్కి ఒరిగి పిన్ను వెతికింది. శాలువా తాడులా బిగిసిపోయింది. పిన్ను ఎక్కడో మడతల్లో చిక్కుకుపోయింది. ఎడమ సీటు మెత్త నడుమ గుంట పడి ఉంది... శాలువా లాగింది. రాలేదు. ఇంకా లాగింది. అటునుంచి కూడా లాగుతున్నట్టుంది. అత్తగారి మెడ పక్కకి వాలిపోతోంది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. ఏదో గొణుగుతోంది, కోడలితో కాదు, పక్కకి తిరిగి...

ఉన్నట్టుండి శాలువా వదులైంది.

కోడలు ఆవిడని చంకల కింద పట్టుకుని ఒక్క ఊపున ముందుకి లాగేసింది. డాక్టరమ్మ చెప్పినవేవీ గుర్తులేవు. అదే సమయానికి లారీ కదిలింది. ముందు కారు కదిలింది. సొరంగం బయట వెలుతురు కనిపించేదాకా కోడలు ఒక చేత్తో అత్తగారిని పట్టుకునే నడిపింది.

పళ్ళ దుకాణాల దగ్గర, జనం మధ్యలో, కారు ఆపి దిగిపోయారు. పసుపు దీపం ఆరిపోయి ఉంది. భర్త వచ్చి సీట్లన్నీ తడిమి చూశాడు, ఏమీ లేదన్నాడు. అత్తాకోడళ్ళు ఒకే మాట మీద ఉండటం ఇదే మొదటిసారని నవ్వబోయి, వాళ్ళ మొహాలు చూసి మానేశాడు. కారు ఆయనే తీసుకెళ్ళాడు. వాళ్ళు టాక్సీలో వెళ్ళారు.

మర్నాడు కట్టు విప్పారు. కంటికేమీ కాలేదు. చూపు బాగా వచ్చిందని డాక్టరమ్మ సంతోషించింది. ఇంటికి వచ్చాక కోడలు అత్తగారిని పడుకోబెట్టి కంట్లో చుక్కలు వెయ్యబోయింది. ఆవిడ ఆమె మణికట్టు పట్టుకుంది.

"నిన్న నేను గొణిగింది నువ్వు వినలేదుగా?"

"లేదు అత్తయ్యా."

"నీ పేరు అడిగిందమ్మా. చెప్తేనే లేస్తానంది."

కోడలు మందు సీసా పక్కన పెట్టింది.

"చెప్పారా?"

"మెడ బిగిసిపోతోంది... చెప్పేశాను. ఇంటిపేరు అడిగింది. అదీ చెప్పాను." అత్తగారు కొత్త చూపుతో ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. "ఇల్లెక్కడో మాత్రం అడగలేదు."