వెనక సీటు వాసన

మా మనవడు మునిప్రసాదు మామిడికాయల కాలంలో ఒక పాత వ్యాను కొన్నాడు. దాంట్లో పెట్రోలు వాసన ఎంతంటే, బంగారుపాళ్యం హైవే మీద ఎదురొచ్చే లారీ డ్రైవర్లు నోట్లోని బీడీలు పారేసి దండం పెట్టేవాళ్లు. కాకులు మా ఇంటి మీద ఎగరడం మానేసి పుత్తూరు మీదుగా చుట్టు తిరిగి పోయేవి.

నేనింతే. ఉన్నదానికి ఇంకో నాలుగు కలిపి చెప్తా. అందుకే ఇప్పుడు నా మాటకు ఇంట్లో కుక్క కూడా చెవి ఎత్తదు.

మునిప్రసాదు పెండ్లాం రూపశ్రీకి నెలలు నిండినాయి. నొప్పులొస్తే చిత్తూరు ఆస్పత్రికి ఆ వ్యాన్లోనే పోవాల. ఆ వాసనకు పిల్ల పేగులు బయటికొచ్చేట్టు కక్కుతా ఉండాది. మెకానిక్కు పెట్రోలు పైపు మార్చినాడు. మేము మ్యాట్లు ఉతికి, సోడా ఉప్పు చల్లి, గిన్నెల్లో కాఫీపొడి పెట్టి, తలుపులన్నీ తెరిచి ఎండబెట్టినాం. ముందు సీట్లలో వాసన పోయింది. వెనక సీట్లో, ఎడమ కిటికీ పక్కన మాత్రం పోలేదు. తడిమితే ఆడ చల్లగా తడి. ఎవరో ఇప్పుడే లేచిపోయినట్టు... సీటు గుంత పడి ఉండాది.

సీటు సందులో నా వేలికి ఒక ముద్ద తగిలింది. పచ్చ గాజులు, ఎర్ర గాజులు కరిగి అతుక్కుపోయినాయి. సీమంతానికి చేతినిండా తొడుగుతామే, అట్లాంటివి. సీటు మీద మాత్రం కాలిన మచ్చ లేదు.

"ప్రసాదూ, ఈడ ఎవరో కడుపుతో ఉన్న ఆడబిడ్డ కాలిపోయిందిరా."

"పోయిన వారం పెరట్లో పులి తిరిగిందన్నావు అవ్వా. అది పక్కింటి వరదయ్య పిల్లి."

రూపశ్రీ కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

బొగ్గులు వాసన లాగేస్తాయని, నిప్పు చూడని నల్ల బొగ్గులు మట్టిచట్టిలో పోసి ఆ సీటు మీద పెట్టి తాళం వేసినాను. తెల్లారి తలుపు తీస్తే వాసన లేదు. రవ్వంత కూడా లేదు. చట్టిలో... తెల్లటి బూడిద. చట్టి చల్లగా ఉండాది.

"చూసినావా నా సోడా ఉప్పు పని?" అన్నాడు మునిప్రసాదు.

"మరి ఈ బూడిద?"

"నువ్వే పోసుంటావులే, కథ కోసరం."

నేను వద్దు వద్దంటున్నా పెండ్లాన్ని ఎక్కించుకొని ఊరంతా ఒక చుట్టు తిప్పినాడు. ఆ పిల్ల పోయి పోయి ఎడమ కిటికీ పక్కనే కూర్చునింది. ఒక్క వాంతి లేదు. దిగి నన్ను దాటుకొని ఇంట్లోకి పోతా ఉంటే... గుప్పుమని పెట్రోలు. వ్యాన్లోనుంచి కాదు.

"హాయిగా ఉండాదవ్వా," అనింది. ఆగి, నా చెవి దగ్గరకొచ్చి గుసగుసగా... "అగ్గిపెట్టి యాడుండాది?"

"ఎందుకు బిడ్డా?"

నవ్వుకుంటా లోపలికి పోయింది.

గ్యాసు లైటరు తీసుకుపోయి బావిలో వేసినాను. అగ్గిపెట్టి కొంగున ముడేసుకొని ఆమె మంచం పక్కనే పడుకున్నాను. అవ్వకు మతి పోయిందని మునిప్రసాదు వాళ్లమ్మకు ఫోన్లో చెప్తా ఉండాడు. చెప్పుకోనీ. పిల్లిని పులి అంటే వీధంతా కూర్చోని విన్నారు. ఇప్పుడు వినేదానికి ఒక్కరు లేరు.

పొద్దున చూస్తే వేసిన ముడి వేసినట్టే ఉండాది. కొంగుకు మసి లేదు. ముడి విప్పి అగ్గిపెట్టి తెరిచినాను. పుల్లల తలలన్నీ నల్లగా కాలిపోయి ఉండాయి.

ఒక్కటి తప్ప...