చూడకుండా చేసిన సంతకం

"ఆపు! హన్మంతూ... ఆపు!"

హన్మంతు ఆగడు.

అతని పాత మోపెడ్ లారీల మధ్య దూరి బీచుపల్లి వంతెన వైపు దూసుకుపోతోంది. భుజాన సంచి. సంచిలో మున్సిపల్ ఫైలు!

వెనక పోలీసు జీపు. జీపులో కేకలేస్తూ యమున.

"మీ అటెండరేనా మేడం?" గేరు మారుస్తూ ఎస్సై శివకుమార్.

"ఆ... పదేండ్ల నుంచి."

"బిల్డర్ కొన్నడు వీణ్ణి. సాక్ష్యం మాయం జేస్తుండు!"

యమున తల దించుకుంటుంది. ఆ మాట పోలీసులకు చెప్పింది తనే!

పొద్దున మూడంతస్తుల బిల్డింగ్ కూలింది. పక్కింట్లో మగ్గం నేస్తున్న జోగులమ్మ కాళ్లు నుజ్జయ్యాయి. పర్మిషన్ ఒక్క అంతస్తుకే. పైన ఇంకోటి లేస్తుంటే నోటీసు ఇవ్వాలి. ఆపాలి. వినకుంటే కూల్చాలి. ఆ పని టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజర్‌ది.

అంటే... యమునది.

పై అంతస్తులు కడుతున్నారని ఫిర్యాదు వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. "జర పోయి చూసొద్దాం మేడం" అన్నాడు హన్మంతు. విసుక్కుంది. ఫ్యాను కిందే కూర్చుని రాసేసింది... 'స్థలం చూశాను. అతిక్రమణ లేదు.' కింద సంతకం!

ఆ కాగితం చింపేద్దామనే ఇవాళ మధ్యాహ్నం బీరువా తెరిచింది. ఫైలు లేదు! హన్మంతు లేడు!

పేపరోళ్లకు ఇస్తాడనుకుంది. దొంగ అని కేసు పెట్టింది.

కీచ్‌...!

వంతెన మీద మోపెడ్ జారి పడుతుంది. హన్మంతు కుంటుకుంటూ రెయిలింగ్ దగ్గరికి. యమున జీపులోంచి దూకి పరుగు. కింద కృష్ణ... వరదతో ఎర్రగా!

"ఇటియ్యి హన్మంతూ!"

సంచి గాల్లోకి లేస్తుంది.

నీళ్లలో పడుతుంది. అంతే!

హన్మంతు రొప్పుతూ ఆమె వైపు వంగుతాడు. గొంతు తగ్గించి...

"పోయింది మేడం. ఇగ మీకేం గాదు. నన్నడిగితే తెల్వదని చెప్త."

యమున మొహం ఎత్తి అతన్ని చూడలేకపోతుంది.

హన్మంతు చెంపన చెళ్లున దెబ్బ! శివకుమార్ వచ్చేశాడు. బేడీలు తీస్తాడు.

"వీడే గదా మేడం, దొంగ?"

అవునంటే చాలు. ఒక్క మాట! కాగితం లేదు. సాక్ష్యం లేదు. ఉద్యోగం పదిలం.

"కాదు సార్."

"ఏంది?"

"దొంగను నేను. పోయి చూడకుండనే సంతకం పెట్టిన... గా ఫైల్ల ఉన్నది నా అబద్ధం."

"ఊకోండి మేడం!" హన్మంతు కేక.

యమున రెండు చేతులూ ముందుకు చాపుతుంది.