తాగని నాలుగో రోజు

పరుగు!

హెడ్ కానిస్టేబుల్ సంసోను పరుగెత్తుతున్నాడు.

ముందు, బజారు రద్దీలో మెల్లగా దూరుకుంటూ పోతున్న తెల్ల కారు. అద్దాలకు నల్ల ఫిల్మ్. వెనక సీట్లో ఒక అమ్మాయి... స్పృహలో లేదు!

మూడు నిమిషాల కిందట బస్టాండు పక్క సందులో కళ్లారా చూశాడు. మెడలో కంపెనీ ఐడీ కార్డు వేసుకున్న మనిషి ఒకడు ఆమెకు కూల్‌డ్రింక్ ఇచ్చాడు. రెండు గుక్కలు... అంతే! ఆ పిల్ల తూలింది. వాడు చున్నీతో ఆమె మొహం కప్పేసి, కార్లోకి తోసి, డోర్ వేశాడు.

"ఏయ్! ఆగు!"

కారు ఆగలేదు.

హైదరాబాద్‌లో అద్దాల బిల్డింగు ఒకటి లేస్తే చాలు, బీదర్‌లో ఇద్దరు ఏజెంట్లు పుట్టుకొస్తున్న కాలం. కాల్ సెంటర్లో జాబ్, మాల్‌లో జాబ్... ఈ ఏడాది అలా వెళ్లిన ఇద్దరు అమ్మాయిల జాడే లేదు.

ఈ పిల్ల మూడోది కాకూడదు!

ఆంధ్రా బార్డర్ ఇరవై నిమిషాల దూరం. దాటిందా... అంతే సంగతులు.

కాళ్లు తడబడుతున్నాయి. చెమట కళ్లల్లోకి కారుతోంది. చేతులు... ఛీ, ఈ చేతులు! ఆగకుండా వణుకుతున్నాయి.

సంసోను మందు మానేసి ఇది నాలుగో రోజు. తాగినన్నాళ్లూ ఈ చేతులు నిలకడగానే ఉండేవి. మానేశాకే మొదలైంది వణుకు. వారం రోజులు నరకం చూస్తావని డాక్టరు ముందే చెప్పాడు.

చూస్తున్నాడు.

పరుగెత్తుతూనే స్టేషన్‌కు ఫోన్ కొడతాడు.

"సార్! సంసోను సార్! బస్టాండు కాడ ఒక పిల్లను ఎత్తుకపోతుండు సార్! తెల్ల కారు..."

అవతల ఎస్సై భీమప్ప. నవ్వుతున్నాడు.

"ఎన్ని పెగ్గులేసినవయ్యా?"

"తాగలే సార్! దేవుని తోడు..."

"పండుకో, పో!"

కట్!

చౌరస్తా. ఉల్లిగడ్డల లారీ రోడ్డుకు అడ్డంగా తిరుగుతోంది. కారుకు సడన్ బ్రేక్... ఇంజన్ ఆగిపోయింది!

లోపల వాడు సెల్ఫ్ కొడుతున్నాడు. కిర్ర్... కిర్ర్... స్టార్ట్ కాదు.

దేవా! నీకు స్తోత్రం!

సంసోను వెళ్లి బానెట్ మీద పడతాడు. "దిగు! దిగురా బయటికి!"

జనం మూగుతారు. ఏడున్నర... బజారు నిండా మనుషులే. ఐడీ కార్డువాడు నింపాదిగా దిగుతాడు. ఇస్త్రీ చొక్కా. మెడలో నీలం ట్యాగు. రెండు చేతులూ జోడిస్తాడు.

"అన్నా, నా చెల్లెకు జరం. హైదరాబాద్ దవాఖానకు తీస్కపోతున్న. గీ పోలీసాయన తాగొచ్చి అడ్డంబడ్డడు."

జనం ఆ ట్యాగు వైపు చూస్తారు. తర్వాత సంసోను చేతుల వైపు చూస్తారు.

ఇంకేముంది! తీర్పు అయిపోయింది.

"అరే, బ్లూటూత్ పోలీసు!" ఎవడో అరుస్తాడు. గొల్లున నవ్వు!

ఆరు నెలల కిందటి వీడియో అది. స్టేషన్ మెట్ల మీద, యూనిఫామ్‌లో, నోటి వెంట చొంగ కారుస్తూ పడుకున్న సంసోను. ఎవరో సెల్‌లో తీశారు. బ్లూటూత్‌లో ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పాకి, ఊరంతా చూసింది. పెళ్లాం ప్రేమమ్మ కూడా చూసింది.

"తాగలే నేను! వాసన జూడుండ్రి! ఆ పిల్లను జూడుండ్రి ఒక్కపారి!"

వాసన చూసే తీరిక ఎవరికుంది? ఫోన్లు లేస్తాయి. ఒకటి... రెండు... పది!

వెనక నుంచి ఎవరో అతని రెండు చేతులూ ఒడిసి పట్టుకుంటారు. సిలాసు! రీచార్జి దుకాణం సిలాసు. ఒకే చర్చి. మొన్న ఆదివారం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఇతనే.

"మొన్ననే గదన్నా సాక్ష్యం జెప్పినవు! మందు ఇడిచిపెట్టిననని మా అందరి ముంగట ఏడ్చినవు! నాలుగు దినాలన్న ఆగకపోతివా?"

సిలాసు కళ్లల్లో నీళ్లు. ఊరు నవ్వితే సంసోను తట్టుకోగలడు. ఇది తట్టుకోలేడు.

"సిలాసూ... ఇడువు తమ్మీ... పిల్ల పోతది!"

"ఇడువ! ఇంక పరువు తీస్కోకన్నా!"

జనాన్ని తోసుకుంటూ ఒక ఆడమనిషి వస్తుంది. రెండు చేతులకూ జొన్నపిండి.

కాశీబాయి!

చౌరస్తాలో జొన్నరొట్టెలు చేసి అమ్ముకునే కాశీబాయి. ఆరు నెలల కిందట, ఆ మెట్ల దగ్గరికే ఒక కాగితం పట్టుకుని వచ్చింది. ఎవడో తన కూతురు సోనికి ఫోన్లు చేసి హైదరాబాద్‌లో జాబ్ ఇప్పిస్తానంటున్నాడనీ, భయంగా ఉందనీ కంప్లైంటు. సంసోను ఆ కాగితాన్నే తలకింద పెట్టుకుని పడుకున్నాడు. లేచాక చెత్తబుట్టలో పడేశాడు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాడు.

"తూ! ఆడిబిడ్డ జరమొచ్చి ఆగమైతుంటే, గీ తాగుబోతోడు అడ్డంబడ్తడా? నెట్టుండ్రయ్యా బండిని!"

ఆమే ముందు చెయ్యి వేస్తుంది. వెనక పదిమంది.

"హైసా!"

"వద్దు! కాశీబాయమ్మా, వద్దు! ఆపుండ్రి!"

"హైసా!"

ఐడీ కార్డువాడు మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చుంటాడు. కారు కదులుతుంది. దగ్గుతుంది. ఇంజన్ అందుకుంటుంది!

"థాంక్సమ్మా!"

వాడు కిటికీలోంచి చెయ్యి ఊపుతాడు. వెనక ఎర్ర లైట్లు జహీరాబాద్ రోడ్డు మలుపులో మాయమవుతాయి.

సంసోను గొంతు చించుకుని అరుస్తాడు. సిలాసు పట్టు సడలదు.

నలభై నిమిషాలు!

తాగిన పోలీసును తీసుకుపొమ్మని ఎవరో ఫోన్ చేస్తే, నలభై నిమిషాల తర్వాత జీపు వస్తుంది. ఎస్సై భీమప్ప దిగుతాడు. చేతిలో మీటరు. తాగిన డ్రైవర్లను పట్టుకునే మీటరు.

"ఊదు!"

సంసోను ఊదుతాడు.

సున్నా.

"సక్కగ ఊదు బే!"

ఊపిరంతా కూడదీసుకుని ఊదుతాడు.

సున్నా!

జనంలో గుసగుసలు. భీమప్ప మీటరును అరచేతికేసి కొడతాడు. "ఖరాబైంది ఇది."

"మీరే ఊది జూడుండ్రి సార్! తెలుస్తది!" వెనక నుంచి ఒక గొంతు.

భీమప్ప కళ్లు ఎర్రగా ఉన్నాయి. అడుగు కూడా కుదురుగా పడటం లేదు. అయినా పదిమందిలో వెనక్కి తగ్గితే ఎస్సై ఎలా అవుతాడు? గొట్టం నోట్లో పెట్టుకుని ఊదుతాడు.

బీప్! బీప్! బీప్!

ఎర్ర లైటు. నూట ఇరవై ఎనిమిది!

మీటరు బాగానే ఉంది.

ఎవరూ నవ్వరు. ఈసారి ఒక్క ఫోనూ లేవదు. ఎస్సై కదా!

"గా కారు ఇప్పటికి బార్డర్ దాటుంటది. మన లిమిట్స్ గాదు." భీమప్ప గొణుక్కుంటూ జీపెక్కుతాడు.

"నంబరన్న వైర్‌లెస్‌ల జెప్పుండ్రి సార్!" సంసోను జీపు వెంట పరుగెత్తబోతాడు. జీపు వెళ్లిపోతుంది.

సిలాసు చేతులు ఎప్పుడో జారిపోయాయి. తలెత్తి చూడలేకపోతున్నాడు.

కాశీబాయి మాత్రం కదలదు. కారు వెళ్లిన వైపే చూస్తోంది. కాసేపటికి సిలాసు దగ్గరికి వస్తుంది.

"బిడ్డా... మా సోని పనిజేసే చీరల దుకాణానికి జర ఫోన్ కలుపు."

సిలాసు కలిపి ఇస్తాడు.

"సేటూ... సోని ఉన్నదా? ఎప్పుడు...? ఎవరితోని...?"

ఫోన్ చెవి దగ్గరే ఉండిపోతుంది.

"ఏమైందమ్మా?" సిలాసు అడుగుతాడు.

"ఆరున్నరకే పోయిందంట... బస్టాండు కాడ ఎవరో జాబ్ సారు ఉన్నడని..."

ఆమె గిర్రున తిరుగుతుంది. వచ్చి సంసోను చొక్కా రెండు చేతులతో పట్టుకుంటుంది. ఆ పట్టులో కోపం లేదు.

"సారూ... నువ్వు తాగినవ్ గదా?"

సంసోను ఆమె చేతులు విడిపించబోతాడు.

"నువ్వు సక్కగ ఊదలే. తాగినవ్. తాగిన మత్తుల ఏందేందో కనవడ్డది నీకు. గా కార్ల పిల్ల లేదు... లేదు గదా? తాగిననని జెప్పు సారూ! నీ కాళ్లు మొక్కుత!"

నిజంగానే కాళ్ల మీద పడుతుంది.

నాలుగు రోజులుగా ఒక్క చుక్క కోసం అల్లాడిపోయాడు సంసోను. ఈ సాయంత్రం తాను నిజంగానే తాగి ఉంటే ఎంత బాగుండేది! ఆ ఒక్క అబద్ధం ఆడేద్దామని నోరు తెరుస్తాడు. కాశీబాయి తలెత్తి అతని పెదాల వైపే చూస్తోంది.

"నేను తాగలే... కాశీబాయమ్మా."