వకాల్తా మీద పేరు

ఆదివారం పొద్దున సుశీల పెసరట్లు వేస్తూ వీధివైపు ఒక చెవి పెట్టి ఉంది. గురజాలలో జడ్జిగా ఉన్న కూతురు అపర్ణ మొదటి బస్సుకి వస్తానంది. కొడుకు అమర్నాథ్ నరసరావుపేటలోనే వకీలు. ఇస్త్రీ చొక్కా వేసుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. అపర్ణ జడ్జి అయిన రోజున తండ్రి పున్నారావు పెట్టాడు. "చెప్పులతో పాటు కోర్టును కూడా గుమ్మం బయటే వదలండి" అన్నాడు. అక్కాతమ్ముళ్లు దాన్ని ఎప్పుడూ మీరలేదు. కిందటి ఏడు ఆయన పోయాక మరింత జాగ్రత్తగా పాటిస్తున్నారు.

అపర్ణ వచ్చింది. కాళ్లు కడుక్కుని తండ్రి ఫోటోకి దండం పెట్టబోయి ఆగింది. ఫోటో ముందు ఒక కాగితం ఉంది. నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. దాన్ని చదవకుండానే ఆమె ముఖం తిప్పుకుంది.

"ఏందమ్మా అది?"

"వకాల్తా" అంది సుశీల, పళ్లెం చేతికిస్తూ. "కేసు ఒప్పుకుంటే వకీలు సంతకం పెట్టే కాగితమేగా. మీ నాన్న ముందు పెట్టాక రేపు తమ్ముడు సంతకం చేసి కోర్టులో వేస్తాడు. వీడికి చానా పెద్ద కంపెనీ కేసు వచ్చిందే."

"అమ్మా, ఆ మాటలు వద్దు."

"ఇవాళొక్కరోజు విను. మిరప విత్తనాల కంపెనీ అంట. మొక్క ఏపుగా పెరిగింది గానీ కాయ పడలేదని రైతులు దావా వేశారంట. ఎవరో ఆరోగ్యమ్మంట..."

అపర్ణ పళ్లెం కింద పెట్టింది.

ఆ దావా రెండేళ్లుగా ఆమె ముందే నడుస్తోంది. తగాదా వస్తే హైదరాబాద్ కోర్టులోనే తేల్చుకోవాలని విత్తన ప్యాకెట్ మీద కనీకనపడని అక్షరాల్లో అచ్చువేసి ఉందని కంపెనీ మొదట వాదించింది. అది నిలవలేదు. సాక్ష్యాలు ముగిశాయి. సోమవారం నుంచి వాదనలు.

"ఒరేయ్ అమర్. అది నా కోర్టులో కేసని నీకు తెలుసా?"

అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు. "తెలుసక్కా. నీ ముందు నేను వాదించకూడదని కూడా తెలుసు. కేసు వేరే కోర్టుకి మారాకే నా పని మొదలవుద్దన్నారు."

"ఎందుకు మారుద్ది?"

అతని చూపు ఫోటో ముందున్న కాగితం మీదికి పోయింది.

"నా తమ్ముడి పేరు వకాల్తా మీద ఉంటే నేను తప్పుకోవాలి. అందుకు మారుద్ది. తప్పుకోకుండా తీర్పిస్తే రేపు ఆ తీర్పునే తప్పు పడతారు. నాకొక్క మాట చెప్పలేకపోయావా?"

"ఇంట్లో కోర్టు మాట వద్దన్నది నాన్నా నువ్వేగా!"

అది నిజమే. ఆ నిజం వెనక అతను దాక్కున్నాడన్నదీ నిజమే. ఇద్దరికీ తెలిసింది. ముందుగా తల దించుకున్నది అమర్నాథ్.

సుశీలకు కోపం వచ్చింది. "ఏమే, వాడికొక మంచి కేసు వస్తే అంత కానిదయిందా? జయపాల్ గారంట, కంపెనీ మేనేజరు, మనింటికొచ్చి బాబు తెలివి గురించి విన్నామన్నాడు."

"ఆయన నీ వాదన ఎప్పుడన్నా విన్నాడారా?" అపర్ణ గొంతు మెత్తగా ఉంది. "విత్తనాల కేసు ఒక్కటన్నా చేశావా?"

"లేదు."

"సాగర్ దగ్గర జడ్జీలకి సదస్సంటూ ఆ కంపెనీవాళ్లే నన్ను పిలిచారు. గదులు, భోజనాలు, ఎత్తిపోతల జలపాతం చూపించటం, అన్నీ వాళ్లవే. పోలేదు. ఆ తర్వాతే నీ దగ్గరికి వచ్చి ఉంటారు."

అమర్నాథ్ మొహం ఎర్రబడింది. "నువ్వు జడ్జివి అయ్యావు. అప్పట్నుంచి ఈ ఊళ్లో నాకు పేరు లేదక్కా. జడ్జిగారి తమ్ముణ్ని. మీ అక్కతో ఒక మాట చెప్పమంటూ వస్తారు. చెప్పనంటే కాగితాలు తీసుకుని ఎదురింటి వకీలు దగ్గరికి పోతారు. నాన్న ఉన్నప్పుడు ఒక్క కేసన్నా చూపించలేకపోయా. ఇదొక్కటి నన్ను చూసి వచ్చిందనుకున్నా."

పెనం మీద అట్టు మాడిన వాసన వచ్చింది. సుశీల వెళ్లి స్టవ్ ఆపి వచ్చింది.

అమర్నాథ్ ఫోన్ తీశాడు. "ఆ జయపాల్‌నే అడుగుతా."

"నేను వినకూడదు" అని అపర్ణ పెరట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

అతను స్పీకర్ పెట్టాడు. "జయపాల్ గారూ, వకాల్తాలో నా పేరు వద్దండి. వాదనంతా రాసిస్తా. మీ సీనియర్ వకీలు గారు చదివి నచ్చితే వాడుకోండి. ఫీజు కూడా వద్దు."

అవతల చిన్నగా నవ్వు. "వాదన మీకెందుకు సార్? అది మా సీనియర్ చూసుకుంటారు. మాకు మీ పేరుంటే చాలు. మీరు కోర్టు దాకా రాకపోయినా పర్లేదు. హాయిగా ఇంట్లో కూర్చోండి."

అమర్నాథ్ స్పీకర్ ఆపి ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. "నేను సంతకం పెట్టనండి" అని పెట్టేశాడు.

సుశీల కొడుకు వైపు చూడలేదు. ఫోటో ముందు కాగితం తీసింది. పసుపు అంటిన కాగితాన్ని చించడానికి ఆమెకు చేతులు రాలేదు. మడిచి కొంగు కింద పట్టుకుంది. "ఇట్టాంటిదాన్ని ఆయన ముందు పెట్టానురా" అంది. కొంగు చివరతో ఫోటో అద్దాన్ని తుడిచింది. మరక ఏమీ లేకపోయినా తుడుస్తూనే ఉంది.

అపర్ణ లోపలికి వచ్చి ఇద్దరి ముఖాలూ చూసింది. ఏం జరిగిందని అడగలేదు.

"సంతకం పెట్టనన్నానక్కా."

"అయినా రేపు నేను కోర్టులో బెంచి మీంచి ఈ సంగతి చెప్పాలి. నాకు తెలిసింది దాచి కేసు వినకూడదు. నీ పేరు చదవాలి."

"చదువు. నేను అక్కడే ఉంటా."

సోమవారం గురజాల కోర్టు హాలు నిండి ఉంది. అమర్నాథ్ నల్లకోటు లేకుండా వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అతని ముందు బల్ల మీద ఆరోగ్యమ్మ, మరికొందరు రైతులు కూర్చున్నారు.

కేసు పిలవగానే అపర్ణ చెప్పింది. "వాదనలకు ముందు రెండు పక్షాలకూ ఒక విషయం. ప్రతివాది కంపెనీవారు నా తమ్ముడు, న్యాయవాది అమర్నాథ్‌ను కలిసి వకాల్తా అడిగారు. ఆయన నిరాకరించారు. ఈ కేసు నేను వినకూడదని ఎవరికైనా అనిపిస్తే ఇప్పుడే చెప్పండి."

నిరాకరించారు. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ అతను ముందు ఒప్పుకున్న సంగతి అందులో లేదు; తమ్ముడి కోసం ఆమె ఒక్క అడుగు పక్కకి జరిగింది. జీవితంలో ఎప్పుడూ అలా జరగని మనిషి. అది గుర్తించినవాడు అమర్నాథ్ ఒక్కడే.

అతను గోడ వదిలి ముందుకు వచ్చాడు. "క్షమించాలి. ముందు ఒప్పుకున్నాను. నా పేరు ఎందుకు అడుగుతున్నారో ఆలోచించకుండా ఒప్పుకున్నాను. నిన్ననే కాదన్నాను."

హాల్లో గుసగుసలు లేచాయి. అపర్ణ కాగితాల మీదే చూపు నిలిపింది. పెదవులు ఒకసారి బిగుసుకున్నాయి.

"అది కూడా రాసుకోండి" అంది స్టెనోతో.

రైతుల వకీలు అభ్యంతరం లేదన్నాడు. అందరూ తన వైపే చూస్తుంటే కంపెనీ సీనియర్ కూడా, "లేదండీ" అన్నాడు. వాదనలు మొదలయ్యాయి.

అమర్నాథ్ వెనక్కి నడిచాడు. చెవులు మండుతున్నాయి. ముందు జరిగినదంతా ఇంగ్లీషులో కావడంతో ఆరోగ్యమ్మకి ఏమీ అర్థం కాలేదు. ఎవరో కుర్రాడు చెమటలు పట్టి నిలబడ్డాడని మాత్రం చూసింది. ఒళ్లోని సంచీ కిందపెట్టి పక్కకి జరిగింది.

"కూకో నాయనా. చానాసేపట్నుంచి నిలబడే ఉన్నావు."

అతను కూర్చున్నాడు. వాదన ముగిసేదాకా తల ఎత్తలేకపోయాడు. పైన బెంచి మీద అతని అక్క కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని వినసాగింది.