ఫ్రిజ్‌లో పచ్చదీపాలు

"పాలు విరిగాయి." మెసేజ్‌లో అంతే ఉంది. చీఫ్ దాన్ని చదివి ఫోన్ బల్ల మీద బోర్లించాడు.

"శత్రు ముఠాలో మన మనిషి ఒకరున్నారు. ఎవరో నాక్కూడా తెలీదు. డ్రోన్ డిపోలో సరుకు పాడైందని ఆ కోడ్‌కి అర్థం."

"ఏం సరుకు?" అన్నాడు ఏజెంట్ ముల్లు.

"రక్తం. కొండ మీద చిక్కుకున్న మన క్యాంపుకి ఈ మధ్యాహ్నమే వెళ్తోంది. ప్రతి పెట్టెకీ సెన్సర్ ఉంటుంది. ఒక్కటి వేడెక్కినా కంప్యూటరే డ్రోన్‌ని ఆపేస్తుంది. కానీ తెర మీద అన్నీ పచ్చగానే ఉన్నాయి. రుజువు లేకుండా నేను ఆపలేను." చీఫ్ గొంతు తగ్గించాడు. "గాయపడ్డవాళ్లలో మీ బావ కూడా ఉన్నాడయ్యా."

ముల్లుకి ఆ సంగతి తెలుసు. "రక్తం వస్తోందటరా, ఇక భయం లేదు" అని పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

అతను ఏసీ మెకానిక్ వేషంలో డిపోకి వెళ్లాడు. ఫోన్ గేటు దగ్గరే లాక్కున్నారు గానీ మనిషిని ఎవరూ ఆపలేదు. మండుటెండలో ఏసీ మెకానిక్ వస్తే పెళ్లికొడుక్కి కూడా అంత మర్యాద జరగదు.

రేకుల షెడ్డులో డ్రోన్ పక్కన పెట్టెలు తళతళలాడుతున్నాయి. ముల్లు థర్మల్ కళ్లజోడు పెట్టుకున్నాడు. చల్లటివి నీలంగా కనబడాలి. పెట్టెలన్నీ నిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి. ఒక మూత ఎత్తాడు. సెన్సర్ ఉండాల్సిన చోట జిగురు మరక మాత్రమే ఉంది. సంచులు నల్లబడి, ఉబ్బి, చేతికి వెచ్చగా తగిలాయి. ఒకటి కారుతోంది. దాని మీద ఈగలు ముసిరాయి. ఆ కంపుకి అతను ముక్కు మూసుకుని మూత దించేశాడు. దీన్నే బావ నరాల్లోకి ఎక్కించబోయారు!

గోడ మీద పోస్టర్‌లో డిపో డైరెక్టర్ పళ్లికిలిస్తున్నాడు. కింద "టెక్నాలజీ నిద్రపోదు" అని రాసుంది. నిజమే, జోకొట్టడానికి ఇలాంటి వెధవ దొరికేదాకా అది నిద్రపోదు.

"మెకానిక్! ఇలా రా. ఉడికిపోతున్నాం" అని డైరెక్టర్ తన గదిలోంచి కేకేశాడు. వేళ్లు నాక్కుంటూ ఏదో తింటున్నాడు. ఎదురుగా ముఠా పంపిన సుందరి నీలం కళ్లద్దాలతో, కాలు మీద కాలేసుకుని కూర్చుంది. వాళ్ల మధ్య ఫ్లాస్కులో టీ పొగలు కక్కుతోంది.

"ముందు మంచినీళ్లు తాగొచ్చా సార్?" అంటూ ముల్లు లోపలికొచ్చి, మూలనున్న ఫ్రిజ్ తలుపు లాగాడు.

కూల్‌డ్రింకు సీసాల మధ్య ఒక పళ్లెం ఉంది. అందులో పెట్టెల సెన్సర్లన్నీ బుద్ధిగా పచ్చదీపాలు వెలిగిస్తున్నాయి.

"ఎవడ్రా నువ్వు?" డైరెక్టర్ లేచాడు. సుందరి చేతిలో పిస్టల్ మెరిసింది. బయట డ్రోన్ రెక్కలు తిరగడం మొదలైంది.

"కాల్చకండి మేడమ్, కార్పెట్ కొత్తది" అన్నాడు డైరెక్టర్. "చూడు బాబూ, ఆ క్యాంపువాళ్లు ఎలాగూ పోయేవాళ్లే. రేపు అందరూ కంప్యూటర్ని తిట్టుకుంటారు. మనకేంటి?"

ముల్లు చాలామంది హంతకుల్ని చూశాడు. మనిషిని చూస్తే ఉమ్మెయ్యాలనిపించడం మాత్రం ఇదే మొదటిసారి.

"పాలు విరిగాయి" అంది సుందరి. పిస్టల్ డైరెక్టర్ వైపు తిరిగింది. "ఇంకా చూస్తావేంటయ్యా? డ్రోన్ లేస్తోంది!"

ముల్లు పళ్లెం ఎత్తి, సెన్సర్లన్నీ మరిగే టీలోకి ఒంపేశాడు.

గోడ మీది తెరలో ఒక్కో పచ్చచుక్కా ఎర్రబడింది. నేలను అప్పుడే వదిలిన డ్రోన్ కాస్త ఊగి, గుర్రుమంటూ మళ్లీ కూలబడింది.

డైరెక్టర్ పారిపోబోయి అద్దం తలుపుని గుద్దుకున్నాడు. తలుపు పగిలి, చెయ్యి మోచేతి దాకా చీలింది.

"మంచి సంచులు నా వ్యాన్‌లో చల్లగా ఉన్నాయి. వీడు వాటిని ముఠాకి అమ్మేసి, బదులు పాడైనవి పెట్టాడు" అంది సుందరి. వాటిని పెట్టెల్లో సర్ది, సెన్సర్లు తుడిచి చల్లారాక బిగించి, డ్రోన్‌ని పంపారు. బావ కళ్లు తెరిచాడని సాయంత్రం అక్క ఏడుస్తూ చెప్పింది.

అంతకుముందు అంబులెన్స్‌లో డైరెక్టర్ పాలిపోయి డాక్టర్ చెయ్యి పట్టుకున్నాడు. "నాకు రక్తం ఎక్కిస్తారా? ఏ పెట్టెలోది?"

"తెర మీద పచ్చగా ఉన్నదే సార్" అంటూ ముల్లు తలుపు మూసేశాడు.