నిశ్చితార్థపు ఫోను

"ఏం చేసినవే అమ్మా! నన్నొక్క మాట అడగకుండ వాళ్లనెందుకు పిలిచినవే!"

తార్నాకలోని ఆ రెండు గదుల ఇంట్లోకి నిరోష ఎగశ్వాసతో వచ్చి పడింది. క్యాంపస్ లైబ్రరీలో ఉండగా తల్లి ఫోన్ చేసి చెప్పిన మాట విని, పుస్తకాలు బల్ల మీదే వదిలేసి ఆటో ఎక్కింది. తల్లి బాలలక్ష్మి తలెత్తలేదు. కళ్లు తుడుచుకుంటూ మూట కడుతోంది... పట్టుచీర, ఉంగరం, పట్టీలు, ఫోను వచ్చిన డబ్బా! నిశ్చితార్థం నాడు మగపెళ్లివారు పెట్టినవన్నీ తువాలలో వేసి గట్టిగా ముడేసింది.

"పిల్ల పీహెచ్‌డీ మానకుంటే లగ్గం మాకొద్దన్నరు గద! అంత మాటన్నంక వాళ్ల పుల్ల గూడ నా ఇంట్ల ఉండొద్దు. ఇప్పుడే వచ్చి పట్కపోండ్రి అన్న. నీ చేతుల ఫోన్ గూడ ఇటియ్యి!"

ఆ తల్లి బాధ ఎవరికి చెప్పుకోవాలి! భర్త పోయాక జాకెట్లు కుట్టి పిల్లను సాకిన మనిషి. పెళ్లి కుదిరిందని చుట్టాలందరికీ చెప్పుకొని మురిసింది. ఇప్పుడు అదే నోటితో చెడిపోయిందని చెప్పాలి! ఆమెకు మిగిలింది పౌరుషం ఒక్కటే... ఆ పౌరుషంలోనే తొందరపడింది.

"ఇస్తనే! వాళ్ల ఫోను నాకెందుకు? కానీ నా రీసెర్చ్ ఫోటోలన్నీ దీంట్లనే ఉన్నయమ్మా..." నిరోష ఫోన్ ఇవ్వబోయి ఆగింది. "ఎండాకాలమంత ఊరూరు తిరిగి వీరగల్లుల ఫోటోలు తీసిన, కొట్లాడి చచ్చినోళ్ల యాదికి నిలబెట్టిన పాతకాలపు రాళ్లవి. రోడ్డు వెడల్పు చేస్తమని కొన్ని రాళ్లు పగలగొట్టేసిన్రు. మళ్ల తీద్దామన్నా అవి లేవు!"

బాలలక్ష్మి మూట కింద పెట్టింది. "మరి ల్యాప్‌టాప్‌ల ఎక్కియ్యలేదా?"

"రేపు ఎక్కిద్దాం, రేపు ఎక్కిద్దాం అనుకున్న..."

ఎంత చదివితే ఏం లాభం, బద్ధకం ఎవరినైనా ముంచుతుంది! ఏడుస్తూ కూర్చుంటే అయ్యే పని కాదని నిరోష ల్యాప్‌టాప్ తెరిచింది. చార్జింగ్ వైరు తెచ్చి రెండింటికీ కలిపింది. చార్జింగ్ ఎక్కుతోంది గానీ ఫోటోలు కనిపించవే! ఫుట్‌పాత్ మీద కొన్న వైరది, చార్జింగ్‌కు తప్ప దేనికీ పనికిరాదు. వైరు లేకుండా బ్లూటూత్‌లో పంపి చూసింది. ఒక్కో ఫోటో నత్తలా పాకుతూ వస్తోంది. ఇట్లయితే తెల్లారుతుంది!

అంతలోనే గుమ్మంలో చెప్పుల చప్పుడు... పెళ్లికొడుకు సంజీవ్ మేనమామ వెంకటేశం!

"సామాన్లియ్యమ్మా, పోత. ఫోన్ ఎట్లున్నదట్లనే తెమ్మన్నడు మా సంజీవ్. దాంట్లకెల్లి ఒక్క ఫోటో తియ్యనియ్యొద్దన్నడు. ఆ రాళ్ల ఫోటోల కోసమే గద లగ్గం కాదన్నదని..."

ఎంత కక్ష! నిరోష రెండు చేతులతో ఫోన్‌ను గుండెకు అదుముకుంది. అప్పటిదాకా అవమానంతో కుంగిపోయిన బాలలక్ష్మి, కొంగు నడుముకు చుట్టి లేచింది.

"కూసోండ్రి అన్నా. గడప తొక్కినోళ్లను చాయ్ తాగియ్యకుండ పంపుడు నాకు అలవాటు లేదు."

ఆయన కూర్చున్నాడో లేదో, తాను కట్టిన మూటను తానే విప్పసాగింది. ముడి రాకపోతే పళ్లతో లాగింది. డబ్బా తెరిచి, ఫోనుతో పాటు వచ్చిన కొత్త వైరు తీసి కూతురి చేతిలో పెట్టింది.

"గిది పనికొస్తదా చూడు బిడ్డా!"

"మూటెందుకు ఇప్పుతున్నవమ్మా? ఏంది ఇదంత?" వెంకటేశం లేవబోయాడు.

"వస్తువు మీది అన్నా. ఇస్త. నా బిడ్డ కష్టం మీది గాదు, అది ఇయ్య!"

ఆ గొంతులో అంత పట్టుదల ఆయన ఊహించలేదు. మళ్లీ కూర్చున్నాడు.

నిరోష కొత్త వైరు పెట్టి, ఫోన్ తెర మీద ఫైల్ ట్రాన్స్‌ఫర్ అన్న మాట నొక్కింది. ఫోటోల ఫోల్డర్ తెరుచుకుంది! ఒక్కొక్కటి ఏరకుండా ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి కాపీ చేసింది. ఆకుపచ్చ గీత చకచకా జరుగుతోంది. వంటింట్లో బాలలక్ష్మి సన్నని సెగ మీద పాలు పెట్టి, అల్లం తీరిగ్గా దంచింది. చాయ్ ఇచ్చి, చక్కెర తక్కువైందా అని అడిగి, ఇంకో కప్పు పోసింది. మధ్యలో మేనల్లుడి ఫోన్ వచ్చింది. వెంకటేశం లోపలి గది వైపు చూశాడు... ఆ పిల్ల కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా పని చేసుకుంటోంది.

"వస్తున్నరా... చాయ్ తాగుతున్న, ఆగు," అన్నాడు.

కాపీ అయిపోయింది. నిరోష తొందరపడకుండా ల్యాప్‌టాప్‌లో ఫోటోలు తెరిచి సరిచూసుకుంది. ఆ తర్వాతే ఫోన్ మొత్తం ఖాళీ చేసింది. బాలలక్ష్మి ఫోనూ, వైరూ డబ్బాలో పెట్టి, మూట మళ్లీ కట్టి రెండు చేతులతో అందించింది.

"చాయ్ మంచిగున్నది చెల్లె," అని మాత్రం అని ఆయన వెళ్లిపోయాడు.

నిరోష తల్లి ఒడిలో పడి భోరుమంది. "నా తోటి నీ పరువు పోయిందమ్మా..."

"ఏడ్చింది చాలు, లే! లగ్గం పోయినా నీ పని దక్కింది. ఇన్నొద్దులు నువ్వేం చదువుతున్నవో నేనే అడగలే. చూపియ్!"

తెర మీద ఒక రాయి కనిపించింది. కత్తి ఎత్తిన వీరుడు, పక్కన చెయ్యి పైకెత్తిన స్త్రీ.

"ఈయన ఎవరే?"

"పేరు తెలువదమ్మా. ఊరి ఆవులను దొంగలు తోలుకపోతుంటే కొట్లాడి చచ్చిపోయిండు."

"మరి ఆమె?"

"ఆయన భార్య. చెయ్యెత్తి ఉన్నదంటే ఆయనెంబడే చితి ఎక్కిందన్నట్టు."

బాలలక్ష్మి తెర మీద ఆ స్త్రీ ఎత్తిన చేతిని వేలితో తాకింది. కళ్లు నిండాయి.

"ఆయన గురించి అందరు చెప్తరు బిడ్డా. నువ్వు ఆమె గురించి గూడ రాయి."